కొండ బడికి, సరిహద్దు బడికి టీచర్‌గా వెళ్లాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టీచర్ శిక్షణ ఇచ్చే ప్రభుత్వ కాలేజీ డైట్‌లో చేరబోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కి చదువుకుంటున్నవాళ్లు ఏటా నన్ను అడిగే ప్రశ్నలివి. నేను నరసన్నపేట దగ్గర మైదానపు పల్లెలో పుట్టి, మెళియాపుట్టి కొండల్లో సవర గిరిజనులు ఉండే ఒక గూడెం బడిలో ఉద్యోగం మొదలుపెట్టినదాన్ని. శిక్షణలో ఎవరూ చెప్పక నేను తప్పుచేసి తెలుసుకున్న సంగతులే ఇక్కడ ఎక్కువ. పరీక్షల సంగతి తొందరగా ముగించి, బడి సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

రెండు సంస్కృతుల బడి అంటే ఏ బడి? అలాంటివి మన జిల్లాల్లో ఉన్నాయా?

బిడ్డ ఇంట్లో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష. ఇంట్లో పండగ ఒకటి, బడి సెలవుల పట్టికలో పండగ ఇంకొకటి. అలాంటి బడి గురించే చెబుతున్నాను. శ్రీకాకుళం జిల్లాలో మెళియాపుట్టి, పాతపట్నం, మందస కొండల్లో సవర గూడేలున్నాయి. సీతంపేట, భామిని మండలాలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి గాని, అక్కడి బడులకు మన పిల్లలే టీచర్లుగా వెళ్తుంటారు. విజయనగరం వైపు గదబలు, కొండదొరలు, జాతాపులు ఉన్నారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు వెళ్తే ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, ఒడియా మాధ్యమం బడులు కనిపిస్తాయి.

మూడోది ఎవరూ లెక్కలో వేసుకోరు. మన మైదానపు పల్లె పిల్లలే. ఇంట్లో ‘ఏటి’, ‘బేగి రా’, ‘కూకో’, ‘ఒగ్గేయ్’ అంటూ పెరిగిన గుంటడికి పుస్తకంలో ‘ఏమిటి’, ‘త్వరగా’, ‘కూర్చో’, ‘వదిలేయి’ కనిపిస్తాయి. వాడు రోజూ తాగేది చోడంబలి, పాఠంలో ఉండేది రాగి జావ. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకపోతే తన ఇంటి తిండి పుస్తకంలో లేదనే అనుకుంటాడు.

ఇంటర్ అయిపోయింది. ఏ కోర్సు చేయాలి?

ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పాలంటే డీఈఎల్‌ఈడీ అనే డిప్లొమా. మనవాళ్లు ఇంకా టీటీసీ అనే అంటారు. రెండేళ్ల కోర్సు. దానికి డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. ప్రభుత్వ డైట్‌లు శ్రీకాకుళం వైపు వమరవల్లిలో, విజయనగరం వైపు విజయనగరంలోనే ఉన్నాయి. ర్యాంకు బాగుంటే మరో మాట ఆలోచించకుండా డైట్‌లోనే చేరండి.

బీఈడీ చేస్తే పెద్ద తరగతులకీ చిన్న తరగతులకీ రెండింటికీ పనికొస్తుంది కదా?

ఒకప్పుడు అలా అనుకునేవాళ్లు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసింది. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అని ఆ తీర్పు సారం. నాకైతే అది సరైనదే అనిపిస్తుంది. ఆరేళ్ల బిడ్డకు మొదటి అక్షరం దిద్దించడం, పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పడం ఒకే శిక్షణతో వచ్చే పనులు కావు.

ఒక ప్రైవేటు కాలేజీలో ‘రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు’ అన్నారు. చేరొచ్చా?

చేరకండి. నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు తప్పనిసరి. మొత్తం 20 వారాలు బడిలో గడపాలి. ఆ వారాలు కాగితం మీద గడిచిపోతే, మొదటి రోజు గూడెం బడిలో ముప్పై జతల కళ్లు మీ వైపు చూస్తున్నప్పుడు మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇంకో మాట. ఇంటర్న్‌షిప్‌కి ఊరికి దగ్గర బడి, బస్సు దిగగానే ఉండే బడి అడక్కండి. కొండ బడి ఇమ్మని మీరే అడగండి. అడిగేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి దొరుకుతుంది.

ఇంకా చిన్నపిల్లలకు, మూడు నాలుగేళ్ల వాళ్లకు చెప్పాలని ఉంది. దారి ఏది?

మన పల్లెల్లో ఆ పని చేసేది అంగన్‌వాడీ. 1975లో చిన్నపిల్లల కోసం ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచీ అంతే. కార్యకర్త పోస్టుకు ఆ ఊరి వివాహిత మహిళే కావాలని, పదో తరగతి చదివి ఉండాలని నోటిఫికేషన్లలో అడుగుతూ వచ్చారు. మీ ఐసీడీఎస్ ప్రాజెక్టు నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆ కాగితమే చదువుకోండి. ప్రైవేటు నర్సరీలకు ఎన్టీటీ (నర్సరీ టీచర్ శిక్షణ), మాంటిస్సోరి డిప్లొమాలు పనికొస్తాయిగాని, వాటితో ప్రభుత్వ ఎస్‌జీటీ ఉద్యోగం, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ ఉద్యోగం, రాదు. దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నోలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద డిప్లొమా ఉంది. అంగన్‌వాడీలో పనిచేస్తూ ఇంకా నేర్చుకోవాలనుకునే అక్కచెల్లెళ్లకు అది చెబుతుంటాను.

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే మెట్టుగా చూసింది. అంటే అంగన్‌వాడీ మూడేళ్లు, ఒకటి, రెండు తరగతులు కలిపి. అందుకే ఒకటో తరగతి టీచర్ పక్కనున్న అంగన్‌వాడీకి వెళ్లి కూర్చోవాలంటాను. ఏ బిడ్డ ఏ పాటకు నవ్వుతుందో, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని వస్తారో ఆ అమ్మకే తెలుసు.

టెట్, డీఎస్సీ గురించి క్లుప్తంగా చెప్పండి.

టెట్ మొదటి పేపర్ 150 మార్కులు. శిశు వికాసం, మొదటి భాష, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఒక్కోటి 30. ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే అర్హత. ఒకసారి అర్హత వస్తే జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వ టీచర్ పోస్టులు నింపే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి గట్టెక్కాం చాలని ఊరుకోకుండా మళ్లీ రాసి పెంచుకునేవాళ్లే ఎక్కువ. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఒక్కో మార్కు ఎంత తేడా తెచ్చిందో రాసినవాళ్లకు తెలుసు. ఒడియా మాధ్యమంలో చదివినవాళ్లు మొదటి భాషగా ఒడియా ఎంచుకోవచ్చు. ఇచ్ఛాపురం పిల్లల్లో ఇది తెలియక తెలుగుతో కుస్తీ పట్టినవాళ్లున్నారు.

నాకు సవర ఒక్క ముక్క రాదు. ఏజెన్సీ బడిలో పనిచేయగలనా?

నాకూ రాదు అప్పుడు. చేరిన మొదటి నెలంతా ఒకటో తరగతి పిల్లలు నా ముందు నోరు విప్పలేదు. గంట కొట్టగానే బయటికి పరిగెత్తి, చింతచెట్టు కింద గలగలా మాట్లాడుకునేవాళ్లు. నేను దగ్గరకు వెళ్తే నీళ్లు పోసినట్టు ఆగిపోయేది ఆ మాట. వీళ్లకు చదువు మీద ధ్యాస లేదని నా డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చదివినప్పుడల్లా నొప్పిగా ఉంటుంది.

వాళ్లకు లేనిది ధ్యాస కాదు, నా భాష. ఎలా తెలిసిందంటే, ఒకరోజు మధ్యాహ్న భోజనం వండే అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని నీళ్లకి, కుక్కకి, అన్నానికి సవరలో ఏమంటారో అడిగి పిల్లల ముందే పలికాను. తప్పుగా పలికాను. తరగతి మొత్తం నవ్వింది. ఒక పాప లేచి నా దగ్గరకొచ్చి సరిగ్గా పలికి చూపించింది. ఆ రోజు నుంచి రోజూ ఉదయం పది నిమిషాలు వాళ్లు నాకు టీచర్లు, నేను విద్యార్థిని. ఆ పది నిమిషాల తర్వాత తెలుగు మాట నేర్పితే పట్టుకునేవాళ్లు.

కాబట్టి చేయగలరు. తెలియకపోవడం వల్ల బడికి నష్టం జరగదు. తెలియదని ఒప్పుకోకుండా గట్టిగా తెలుగులోనే అరిచి చెప్పడం వల్ల జరుగుతుంది.

సవర నేర్చుకోవడం కష్టమా? ఎక్కడ నేర్పుతారు?

తెలుగుకి చుట్టం కాదు కాబట్టి మొదట్లో కష్టం. అది ముండా భాషల కుటుంబానిది. గదబ సంగతి ఇంకా విచిత్రం. మన విజయనగరం వైపు గదబలు మాట్లాడేది ద్రావిడ భాష, ఒడిశాలో గదబలే మాట్లాడే గుతోబ్ ముండా భాష. పేరు ఒకటైనంత మాత్రాన భాష ఒకటనుకోకండి. జాతాపుల్లో చాలామంది ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. గూడెంలో అడుగుపెట్టిన మొదటి వారం ఏ ఇంట్లో ఏ భాషో ఒక కాగితం మీద రాసుకోండి.

గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం ఆగస్టు 29న వ్యావహారిక తెలుగు కోసం తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో టీచర్‌గా ఉంటూ సవరలతో కలిసి తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో బడులు పెట్టించి సవరలోనే చదువు చెప్పించారు, వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాయి. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ ఎక్కువగా వాడి చెవుడు కూడా తెచ్చుకున్నారు. పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి. మన గుమ్మంలోనే జరిగిన పని ఇది. డైట్‌లో ఆయన ఫొటోకి దండ వేసే రోజున ఈ సంగతీ చెప్పాలని నా కోరిక. బడి భాష బిడ్డ నోటి భాషకు దగ్గరగా ఉండాలని తెలుగు విషయంలో ఆయన పట్టుబట్టడం, సవర పిల్లలకు సవరలో బడి పెట్టడం నాకు ఒకే పనిలా కనిపిస్తాయి.

నేర్చుకోవడానికి మూడు వస్తువులు చాలు. ఒక చిన్న నోట్‌బుక్, ఒక ఫోన్ రికార్డర్, ఓపికున్న ఒక ముసలమ్మ. వారానికి 20 మాటలు, మూడు వాక్యాలు. మొదట ఆజ్ఞలు నేర్చుకోకండి. ‘రా, కూర్చో, నోరు మూయి’ నేర్చుకుంటే మీరు పోలీసులా వినిపిస్తారు. ‘తిన్నావా’, ‘నొప్పా’, ‘మీ చెల్లి ఎలా ఉంది’ నేర్చుకోండి.

రాసేటప్పుడు ఏ లిపి?

సవరకు సొంత లిపి ఉంది. సోరంగ్ సొంపెంగ్ అంటారు, 1936లో మంగేయి గొమాంగో రూపొందించారు. మన వైపు బడి పుస్తకాల్లో మాత్రం తెలుగు లిపి వాడారు. 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలోనూ అంతే. మీరు తెలుగు లిపిలో రాయండి, పిల్లలు తర్వాత చదవబోయేది అదే కాబట్టి. సవరలో గొంతు దగ్గర ఠక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది. దానికి మన అక్షరమాలలో అక్షరం లేదు. ఏదో ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తునే చివరిదాకా వాడండి. అది వదిలేస్తే మాట వేరే మాట అయిపోవచ్చు.

లెక్కలకు భాషతో పనేముంది? అంకెలు అందరికీ ఒకటే కదా?

ఈ ప్రశ్న నన్నెవరూ అడక్కముందే నేను ఒక పిల్లాడి విషయంలో తప్పు చేశాను.

రెండో తరగతి. చింతగింజలు 33 లెక్కపెట్టి కుప్పలు పెట్టమన్నాను. మిగతావాళ్లు పదేసి పెట్టారు. వాడు ఒక పెద్ద కుప్ప, ఒక చిన్న కుప్ప, పక్కన ఒంటిగా ఒక గింజ పెట్టాడు. నేను విసుక్కుని ఆ కుప్పలు చెరిపేసి, పదేసి పెట్టి చూపించాను. ఆ తర్వాత చాలా రోజులు వాడు గింజలు ముట్టుకోలేదు.

కొన్నాళ్లకు సంతలో వాళ్ల తాత కొండచీపురు కట్టలు లెక్కపెడుతుంటే విన్నాను. సవర లెక్కలో పన్నెండు ఒక మెట్టు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవైకి కొత్త మెట్టు. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. వాడి మూడు కుప్పలూ అవే. వాడు తాత దగ్గర నేర్చుకున్న లెక్కను ఒక్క గింజ తేడా లేకుండా పెట్టాడు. నేను దాన్ని చేత్తో చెరిపేశాను.

మర్నాడు వాడి పక్కన కూర్చుని అవే కుప్పలు మళ్లీ పెట్టమన్నాను. ఇరవై కుప్పని రెండు పదులు చేశాం. పన్నెండు కుప్పలోంచి ఒక పది తీశాం. మిగిలిన రెండు గింజల పక్కన ఆ ఒంటి గింజ చేర్చాం. మూడు పదులు, మూడు ఒకట్లు. స్థాన విలువ పాఠం నేను అంతకంటే బాగా ఎప్పుడూ చెప్పలేదు, అదీ వాడు మొదలుపెట్టినది. ఇప్పటి పిల్లల్లో చాలామంది తెలుగు అంకెలే వాడతారు, నిజమే. అయినా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పాత లెక్క వింటూనే ఉంటారు. తప్పు జవాబు కనిపించగానే కొట్టేయకుండా ‘ఎలా పెట్టావో చెప్పు’ అని ఒక్కసారి అడిగి చూడండి. శిక్షణలో మీరు నేర్చుకునే బోధనా పద్ధతులన్నింటికంటే నేను దీన్నే ముందు పెడతాను.

తల్లిదండ్రులే ఇంగ్లిష్ కావాలంటున్నారు. ఇంటి భాషలో చెబితే పిల్లలు వెనకబడరా?

ఆ తల్లిదండ్రుల కోరికను చిన్నచూపు చూడకండి. ఆఫీసులో, ఆస్పత్రిలో, సంతలో భాష రాక అవమానపడినవాళ్లు వాళ్లు. వాళ్లతో చర్చకు దిగే బదులు బిడ్డ చేత చదివించి చూపించండి. జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం కూడా భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమంటుంది. ఇవన్నీ మీకు తెలిసి ఉండాలి. కానీ గూడెంలో అమ్మకు అధికరణం నంబరు చెబితే నమ్మకం రాదు.

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లిష్. సవర బిడ్డకు ఆ రెండూ పరాయివే. నేను చేసేది ఇది: కథ మొదట సవరలో చెప్పుకుంటాం, పిల్లలే చెబుతారు. తర్వాత అదే కథ తెలుగులో, బొమ్మలు చూపిస్తూ. తెలిసిన కథ కాబట్టి తెలుగు మాటలు అర్థమైపోతాయి. ఆఖర్న ఇంగ్లిష్ పేజీలో నాలుగు మాటలు. కథ తెలియకుండా మూడు భాషలు ఒక్కసారి మీద పడితే బిడ్డ దేన్నీ పట్టుకోలేదు.

నేను సవర బిడ్డనే. మా గూడెంలోనే టీచర్ అవ్వాలని ఉంది. మాకు ప్రత్యేక అవకాశం ఉందా?

2000 జనవరి 10న వచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది, అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం పోలేదు. ఆ తీర్పు వచ్చిన వారం ఏజెన్సీలో చదువుకుంటున్న పిల్లల మొహాలు నాకు గుర్తున్నాయి. ఎస్టీ రిజర్వేషన్ మామూలుగా ఉంది, దానితోనే పోటీ పడాలి.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. డైట్‌లో చేరాక మీ యాస చూసి ఎవరైనా నవ్వితే భాష దాచుకోకండి. పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడు సవర మాటలు, మీ అవ్వ చెప్పిన కథలు అందులో రాయండి. నేను నెలలు పెట్టి నేర్చుకున్నది మీకు పుట్టుకతో ఉంది. మాతృభాషా వలంటీర్ల పోస్టులు వచ్చినప్పుడు కూడా వదలకండి. జీతం తక్కువే, కొలువు శాశ్వతం కాదు. కానీ ఆ అనుభవం తరగతి గదిలో మీతోనే ఉంటుంది.

ఇచ్ఛాపురం వైపు ఒడియా పిల్లలకు కూడా ఇదే పద్ధతా?

కొంతవరకే. ఒడియాకు లిపి, పుస్తకాలు, పరీక్షలు అన్నీ ఉన్నాయి. అక్కడి పిల్లలు వీధిలో తెలుగు వింటూ పెరుగుతారు, చాలామంది రెండు భాషలూ కలిపి మాట్లాడతారు. చిక్కు లిపి దగ్గర వస్తుంది. రెండు గుండ్రటి లిపులు ఒకే ఏడాది నేర్పితే అక్షరాలు కలిపేస్తారు. ఒకటి గట్టిపడ్డాక రెండోది మొదలుపెట్టండి. పిల్లలు రెండు భాషలు కలిపి ఒకే వాక్యం చెబితే తప్పుగా చూడకండి, సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్లూ అలాగే మాట్లాడతారు.

పండగలప్పుడు, కోతలప్పుడు బడి ఖాళీ అయిపోతుంది. హాజరు పడిపోతే పైనుంచి మాటలు పడాలి. ఏం చేయాలి?

గూడెం పంచాంగం ఒకటి రాసుకోండి. కందికొత్తల పండగ ఎప్పుడు, జీడిపిక్కలు ఎప్పుడు, కొండచీపుర్లు కోసేది ఎప్పుడు, పోడు పని ఎప్పుడు. పెద్దల దగ్గర ముందే అడిగి తెలుసుకుంటే, పరీక్షలూ కొత్త పాఠాలూ ఆ రోజుల్లో పడకుండా చూసుకోవచ్చు. పండగకు పిలిస్తే వెళ్లండి. తిరిగొచ్చిన పిల్లల చేత ఆ పండగే రాయించండి, బొమ్మలు గీయించండి. సవరలు గోడల మీద గీసే బొమ్మల సంప్రదాయం ఉంది కదా, మా బడి గోడ మీద పిల్లల అమ్మమ్మ ఒకావిడ గీసి ఇచ్చారు. ఆ బొమ్మలో ఉన్న మనుషుల్ని లెక్కపెట్టడంతోనే మా ఒకటో తరగతి లెక్కలు మొదలవుతాయి.

ఒక్క టీచర్, ఐదు తరగతులు. ఇదంతా ఎలా సాధ్యం?

అన్నీ సాధ్యం కావు. ఉదయం మొదటి గంట అందర్నీ కలిపి కూర్చోబెట్టండి, పెద్ద తరగతి పిల్లల్ని చిన్నవాళ్లకు దుబాసీలుగా వాడుకోండి. ఐదో తరగతి అమ్మాయి సవరలో చెప్పి ఒప్పించినంత బాగా నేను ఎప్పటికీ చెప్పలేను. ఆ పిల్లకు కూడా దాంతో తెలుగు గట్టిపడుతుంది. తర్వాత ఒకటి, రెండు తరగతులకు మీ సమయంలో సగం ఇవ్వండి. అక్కడ జారిపోయిన బిడ్డ మళ్లీ దొరకదు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఏం చేయాలి?

హాజరు పట్టీ తెరిచి పేర్లు చదవకండి. బడి పట్టీలో ఒక పేరు, ఇంట్లో పిలిచేది ఇంకో పేరు ఉంటుంది. చేర్పించినప్పుడు ఎవరో తెలుగు పేరు రాసేసి ఉంటారు. ఒక్కో బిడ్డ దగ్గరకు వెళ్లి ‘మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుంది?’ అని అడగండి, లేదా పక్క పిల్లల చేత అడిగించండి. ఆ పేర్లు మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. సాయంత్రం బడి మూశాక గూడెంలో నడిచి, ఏ ఇల్లు ఎవరిదో చూసి రండి.